ఛార్జ్ అయిన కెపాసిటర్‌లోకి డైఎలక్ట్రిక్ తోస్తే శక్తి పెరుగుతుందా, తగ్గుతుందా?

విభాగం: భౌతికశాస్త్రం – స్థిర విద్యుత్తు

ప్రశ్నలబుట్ట (#1)

అందరికీ నమస్కారం. సమాంతర పలకల కెపాసిటర్ గురించి రెండు చోట్ల రెండు రకాలుగా చదివి బుర్ర వేడెక్కింది. ఒక చోట పలకల మధ్య డైఎలక్ట్రిక్ (విద్యుత్తును పారనివ్వని పదార్థం) పెడితే నిల్వ ఉన్న శక్తి తగ్గుతుందని ఉంది. ఇంకో చోట సరిగ్గా అదే పని చేస్తే శక్తి పెరుగుతుందని ఉంది. కెపాసిటెన్స్ (ఒక్కో వోల్టుకు పట్టే ఆవేశం) పెరుగుతుందని మాత్రం రెండు చోట్లా ఉంది, అక్కడ పేచీ లేదు. మరి శక్తి సంగతేమిటి?

నేను వేసిన లెక్క ఇది. 100 పీకోఫారడ్‌ల కెపాసిటర్‌ని 300 వోల్టులకు ఛార్జ్ చేశాను. డైఎలక్ట్రిక్ స్థిరాంకం 3 ఉన్న, అంటే కెపాసిటెన్స్‌ను మూడింతలు చేసే దిమ్మెను మధ్యలో పూర్తిగా దూర్చాను. మొదట 4.5 మైక్రోజౌళ్లు వచ్చింది, తర్వాత 1.5 వచ్చింది. మిగతా 3 మైక్రోజౌళ్లు ఎక్కడికి పోయినట్టు? దిమ్మె వేడెక్కిందా?

సోల్డర్‌పొగ (#2)

బ్యాటరీ తీసేశావా, ఉంచావా? అది తేలకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు తమ్ముడూ.

ప్రశ్నలబుట్ట (#3)

లెక్కలో తీసేసినట్టే వేశాను అన్నా. ఉంచితే తేడా వస్తుందా?

లెక్కలమాస్టారు (#4)

తేడానా? మొత్తం కథే మారిపోతుంది. నువ్వు చదివిన రెండు చోట్లా సరిగానే రాశారు. ఒకరు బ్యాటరీ తీసేసిన కెపాసిటర్ గురించి, ఇంకొకరు బ్యాటరీ తగిలించి ఉన్న కెపాసిటర్ గురించి రాసి ఉంటారు.

బ్యాటరీ తీసేశాక పలకల మీద ఉన్న ఆవేశానికి బయటికి దారి లేదు. కాబట్టి ఆవేశం మారదు. నీ లెక్కలో అది 30 నానోకూలుంబులు. కెపాసిటెన్స్ 300 పీకోఫారడ్‌లైంది, అంతే ఆవేశం ఉంది, కాబట్టి వోల్టేజీ 100కి దిగింది. క్షేత్రం మూడో వంతైంది, శక్తి కూడా మూడో వంతైంది. నువ్వు వేసిన 1.5 మైక్రోజౌళ్లు సరైనదే.

బ్యాటరీ ఉంచితే మారనిది వోల్టేజీ. 300 వోల్టులు 300గానే ఉంటాయి. కెపాసిటెన్స్ మూడింతలైంది కాబట్టి ఆవేశం 90 నానోకూలుంబులకు పెరుగుతుంది. ఆ అదనపు 60 బ్యాటరీ నుంచి వస్తుంది. శక్తి 4.5 నుంచి 13.5 మైక్రోజౌళ్లకు ఎక్కుతుంది.

ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది జారిపోయేది ఇక్కడే. బ్యాటరీ ఉన్నప్పుడు పలకల మధ్య విద్యుత్ క్షేత్రం ఏమవుతుందని అడిగితే క్లాసులో సగం మంది "తగ్గుతుంది" అంటారు. తగ్గదు. వోల్టేజీ అదే, దూరం అదే, కాబట్టి క్షేత్రమూ అదే. "డైఎలక్ట్రిక్ క్షేత్రాన్ని తగ్గిస్తుంది" అన్న వాక్యం ఆవేశం స్థిరంగా ఉన్నప్పుడే నిజం.

రెండోబెంచి (#5)

నాకు తెలిసి ఆ 3 మైక్రోజౌళ్లు దిమ్మెలో వేడిగా మారతాయి. అణువులు క్షేత్రం వైపు తిరగాలి కదా, ఆ తిరగడంలో రాపిడి ఉంటుంది. మైక్రోవేవ్ ఓవెన్‌లో నీళ్లు వేడెక్కేది కూడా ఇలాగే.

అంచుక్షేత్రం (#6)

మైక్రోవేవ్‌లో క్షేత్రం సెకనుకు దాదాపు 245 కోట్ల సార్లు ఊగుతుంది. ఆ వేగాన్ని అణువులు అందుకోలేక వెనకబడతాయి, అందుకే అక్కడ వేడి. ఇక్కడ దిమ్మెను నెమ్మదిగా ఒక్కసారి లోపలికి తోస్తున్నాం. మంచి డైఎలక్ట్రిక్‌లో ఈ వేడి దాదాపు సున్నా.

అసలు జవాబు చెబుతాను. దిమ్మె అంచు పలకల మధ్యకు రాగానే కెపాసిటర్ దాన్ని లోపలికి లాగుతుంది. నువ్వు తోయాల్సిన పని లేదు, నిజానికి వేగం పెరగకుండా ఆపి పట్టుకోవాలి. అలా ఆపుతున్న చేతి మీద కెపాసిటర్ చేసిన పనే ఆ 3 మైక్రోజౌళ్లు. చేత్తో పట్టుకోకుండా వదిలేస్తే అదే దిమ్మె గతిశక్తి అవుతుంది. రాపిడే లేకపోతే దిమ్మె లోపలికి దూసుకెళ్లి, అవతలి వైపు బయటికి వచ్చి, ఆగి, మళ్లీ లోపలికి లాగబడి, అలా ఊగుతూనే ఉంటుంది.

ప్రశ్నలబుట్ట (#7)

ఇక్కడే నాకు ఇంకో ఇబ్బంది. పలకల మధ్య క్షేత్రం పలకలకు నిలువుగా ఉంటుంది కదా. పై పలక నుంచి కింది పలకకు. మరి దిమ్మెను అడ్డంగా లోపలికి లాగే బలం ఎక్కడి నుంచి వస్తుంది? నిలువు క్షేత్రం అడ్డంగా ఎలా లాగుతుంది?

అంచుక్షేత్రం (#8)

ఈ ప్రశ్న కోసమే నేను ఈ పేరు పెట్టుకున్నాను అనుకో 🙂

పలకల నడిమధ్యలో క్షేత్రం నువ్వన్నట్టు నిలువే. కానీ పలకల అంచుల దగ్గర క్షేత్రరేఖలు బయటికి ఉబ్బుతాయి. ఆ ఉబ్బిన చోట క్షేత్రానికి అడ్డం భాగం ఉంటుంది, పైగా అక్కడ క్షేత్రం ఒక చోట ఉన్నంత ఇంకో చోట ఉండదు. లోపలికి వెళ్లేకొద్దీ బలంగా, బయటికి వచ్చేకొద్దీ బలహీనంగా ఉంటుంది. దిమ్మెలోని అణువులు ధ్రువణం చెంది చిన్న చిన్న ద్విధ్రువాలవుతాయి, అంటే ఒక కొసన ధనావేశం, ఇంకో కొసన రుణావేశం. క్షేత్రం అంతటా ఒకే తీరుగా ఉంటే ద్విధ్రువం మీద నికర బలం సున్నా. బలమైన చోటు, బలహీనమైన చోటు అంటూ తేడా ఉంటే ద్విధ్రువం బలమైన చోటుకే లాగబడుతుంది. అంటే లోపలికి.

తమాషా ఏమిటంటే, బలాన్ని లెక్కవేయడానికి ఈ అంచు క్షేత్రం వివరాలు ఏవీ అక్కర్లేదు. శక్తి దూరంతో ఎలా మారుతుందో చూస్తే చాలు, బలం వచ్చేస్తుంది. అంచును పూర్తిగా పక్కనబెట్టి వేసిన లెక్క, అంచు వల్లే పుట్టిన బలాన్ని సరిగ్గా చెబుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఇదేదో కనికట్టులా అనిపిస్తుంది. దిమ్మె ఇంకో కాస్త లోపలికి వెళ్లినప్పుడు అంచు దగ్గరి చిత్రం మారదు, అది ఉన్నది ఉన్నట్టే పక్కకు జరుగుతుందంతే. మారేది లోపల నిండిన భాగం పొడవు మాత్రమే. అందుకే ఆ లెక్క పనిచేస్తుంది. దిమ్మె మొన ఏదో ఒక అంచుకు మరీ దగ్గరగా ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్క పనికిరాదు.

రెండోబెంచి (#9)

సరే, వేడి సంగతి వదిలేస్తున్నా. కానీ బ్యాటరీ ఉన్నప్పుడు శక్తి పెరుగుతోంది కదా. వస్తువులు శక్తి తగ్గే వైపే కదులుతాయి అని చదివాం. అలాగైతే బ్యాటరీ ఉన్నప్పుడు దిమ్మెను బయటికి నెట్టాలి!

లెక్కలమాస్టారు (#10)

మంచి ప్రశ్న వేశావు. పరీక్షలో ఇది అడిగితే చాలామంది "బయటికి నెడుతుంది" అనే రాస్తారు. తప్పు. అప్పుడు కూడా లోపలికే లాగుతుంది.

శక్తి తగ్గే వైపు అన్న మాట నిజమే, కానీ లెక్కలో అందరినీ చేర్చాలి. కెపాసిటర్‌ని మాత్రం చూసి బ్యాటరీని మర్చిపోతే ఎలా? బ్యాటరీ 60 నానోకూలుంబులను 300 వోల్టుల వద్ద పంపింది. అది చేసిన పని 18 మైక్రోజౌళ్లు. కెపాసిటర్‌లో పెరిగింది 9. మిగిలిన 9 దిమ్మెను లాగడానికి ఖర్చయింది. బ్యాటరీ, కెపాసిటర్ రెండూ కలిపి చూస్తే శక్తి 9 మైక్రోజౌళ్లు తగ్గింది. కాబట్టి సూత్రం చెక్కుచెదరలేదు.

వోల్టేజీ స్థిరంగా ఉన్నప్పుడు బ్యాటరీ ఇచ్చిన దాంట్లో సరిగ్గా సగం నిల్వకు, సగం యాంత్రిక పనికి పోతుంది. స్థిరాంకం 3 అయినా 30 అయినా ఇదే పంపకం.

అంచుక్షేత్రం (#11)

మాస్టారు గారి మాటకు కొనసాగింపు. రెండు సందర్భాల్లోనూ ఏ క్షణానికైనా బలానికి సూత్రం ఒక్కటే: ఆ క్షణంలో ఉన్న వోల్టేజీ వర్గంలో సగాన్ని, దిమ్మె జరిగే కొద్దీ కెపాసిటెన్స్ పెరిగే రేటుతో గుణించాలి. దిమ్మెకు బ్యాటరీ ఉందో లేదో తెలియదు. దానికి తెలిసింది ఆ క్షణంలో తన చుట్టూ ఉన్న క్షేత్రమే.

ప్రశ్నలబుట్ట ఇచ్చిన అంకెలతోనే చేద్దాం. పలకలు 20 సెంటీమీటర్ల చదరాలు అనుకుంటే 100 పీకోఫారడ్‌లకు మధ్య దూరం దాదాపు 3.54 మిల్లీమీటర్లు ఉండాలి. 20 సెంటీమీటర్లు జరిగేసరికి కెపాసిటెన్స్ 200 పీకోఫారడ్‌లు పెరుగుతుంది, అంటే మీటరుకు 1 నానోఫారడ్. బలం 45 మైక్రోన్యూటన్లు. బ్యాటరీ ఉంటే చివరిదాకా అంతే, 0.2 మీటరుతో గుణిస్తే 9 మైక్రోజౌళ్లు. మాస్టారు గారి 9 వచ్చేసింది.

బ్యాటరీ లేకపోతే మొదట అదే 45 మైక్రోన్యూటన్లు. కానీ లోపలికి వెళ్లేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది కాబట్టి చివర్లో 5 మాత్రమే, అంటే తొమ్మిదో వంతు. దారంతా కలిపితే 3 మైక్రోజౌళ్లు. నువ్వు వెతుకుతున్న 3.

సోల్డర్‌పొగ (#12)

45 మైక్రోన్యూటన్లంటే 5 మిల్లీగ్రాముల బరువు కూడా లేదు. ఆ కొలతల యాక్రిలిక్ దిమ్మె 150 గ్రాములకు పైనే తూగుతుంది. రాపిడి ముందు ఈ బలం లెక్కలోకే రాదు. కాబట్టి ఎవరైనా "నేను చేసి చూశాను, దిమ్మె కదల్లేదు" అంటే ఆశ్చర్యపోకండి.

దిమ్మె బదులు ద్రవం పెడితే మాత్రం కంటికి కనిపిస్తుంది. పలకలను నిలువుగా నిలబెట్టి కింది అంచుల్ని ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో ముంచి వోల్టేజీ ఇస్తే మధ్యలో నూనె పైకి ఎక్కుతుంది. పెల్లా ప్రయోగం అంటారు దీన్ని. మిల్లీమీటరుకు 2 కిలోవోల్టుల క్షేత్రం, స్థిరాంకం 2.2 ఉన్న నూనె అనుకుంటే రెండున్నర మిల్లీమీటర్లు లేస్తుంది. వినడానికి తక్కువే, కానీ చూస్తే భలే ఉంటుంది. హై వోల్టేజీ కాబట్టి ఇంట్లో ఎవరూ ట్రై చేయొద్దు, ల్యాబ్‌లో చేసినవాళ్ల దగ్గర చూడండి.

ప్రశ్నలబుట్ట (#13)

అబ్బ, ఇప్పుడు కొంచెం దారిలో పడింది. అయితే ఒక్క అనుమానం. బ్యాటరీ ఉన్నప్పుడు దిమ్మెను టక్కున ఒక్క దెబ్బలో తోసేస్తే కూడా సగం సగమేనా?

అంచుక్షేత్రం (#14)

ఇది ఎవరూ అడగరు, నువ్వు అడిగావు. సగం సగం అన్నది నెమ్మదిగా తోసినప్పుడే.

బ్యాటరీ తీగల్లో ఎంతో కొంత నిరోధం ఉంటుంది. దిమ్మెను ఎంత వేగంగా దూర్చావంటే ఆవేశం వచ్చే తీరికే లేదు అనుకో. అప్పుడు మొదటి అంకంలో కెపాసిటర్ ఒంటరిదే. వోల్టేజీ 100కి పడుతుంది, శక్తి 1.5కి దిగుతుంది, దిమ్మెకు 3 మైక్రోజౌళ్లు దక్కుతాయి. రెండో అంకంలో దిమ్మె కదలదు, బ్యాటరీ తీరిగ్గా 60 నానోకూలుంబులు పంపి 300 వోల్టులకు తెస్తుంది. అది ఇచ్చింది 18, కెపాసిటర్‌లో పెరిగింది 12. మిగతా 6 తీగల్లో వేడి.

నెమ్మదిగా చేస్తే దిమ్మెకు 9. దూకుడుగా చేస్తే దిమ్మెకు 3, తీగకు 6. బ్యాటరీకి మాత్రం రెండు సార్లూ 18 మైక్రోజౌళ్లే ఖర్చు. మొదటి స్థితి, చివరి స్థితి ఒకటే కాబట్టి అందులో మార్పు లేదు, ఆ 9 ఎవరికి ఎంత అన్నదే మారింది.

లెక్కలమాస్టారు (#15)

బాగుంది. నా క్లాసులో చెప్పుకోవడానికి దీన్ని తీసుకుంటున్నాను.

లక్కబొమ్మ (#16)

చాలాకాలంగా చదువుతూ ఉన్నాను, రాయడం తక్కువ. కాస్త చరిత్ర కలుపుతాను, ఇక్కడ పనికొస్తుంది.

దిమ్మె మారితే కెపాసిటెన్స్ మారుతుందని 1837లో ఫారడే కొలిచి చూపించాడు. ఒకేలాంటి రెండు గోళాకార కెపాసిటర్లు చేయించుకున్నాడు. ఒకదాంట్లో గాలి, ఇంకోదాంట్లో లక్క. గంధకంతోనూ, గాజుతోనూ కూడా చేశాడు. ఒకదాన్ని ఛార్జ్ చేసి, దాని తీవ్రతను కూలుంబు తూనికతో (తీగ మెలితిరగడాన్ని బట్టి విద్యుత్ బలాన్ని కొలిచే పరికరం) కొలిచి, రెండోదానికి తాకించి, ఆవేశం ఎలా పంచుకున్నాయో మళ్లీ కొలిచాడు. రెండింట్లోనూ గాలే ఉంటే చెరిసగం రావాలి. లక్క ఉన్నప్పుడు లెక్క తప్పింది, లక్క ఉన్నది తన వంతు కన్నా ఎక్కువ ఆవేశం పుచ్చుకుంది. గమనించండి, అక్కడ బ్యాటరీ లేదు. ఉన్న ఆవేశాన్నే రెండూ పంచుకున్నాయి.

ఇంకా ముందే, 1770లలో, కావెండిష్ ఇవే కొలతలు తీసి ఎవరికీ చెప్పకుండా కాగితాల్లో దాచుకున్నాడు. వాటిని మాక్స్‌వెల్ 1879లో అచ్చు వేయించేదాకా లోకానికి తెలియలేదు. ప్రమాణానికి ఫారడే పేరు వచ్చింది. కావెండిష్‌కు అసలు పేరు మీద ఆసక్తే ఉన్నట్టు లేదు.

రెండోబెంచి (#17)

చరిత్ర వచ్చింది కాబట్టి అడుగుతున్నా. లైడెన్ జాడీని (గాజు జాడీతో చేసిన పాతకాలపు కెపాసిటర్) విడదీసే ప్రయోగం ఉంది కదా. ఛార్జ్ చేసి, లోపలి లోహపు గిన్నె, బయటి గిన్నె తీసేసి, రెండింటినీ ఒకదానికొకటి తాకించినా, మళ్లీ గాజుతో కలిపి పెడితే మెరుపు వస్తుంది. అంటే ఆవేశం పలకల మీద కాదు, డైఎలక్ట్రిక్‌లోనే ఉన్నట్టు కదా? అప్పుడు పైన చెప్పిందంతా తలకిందులవుతుందిగా.

లక్కబొమ్మ (#18)

ఫ్రాంక్లిన్ కూడా అలాగే అనుకున్నాడు, కాబట్టి మీకు మంచి తోడే దొరికింది. ఆ ప్రయోగంలో వోల్టేజీ వేలల్లో ఉంటుంది. గిన్నెను గాజు నుంచి దూరం చేస్తుంటే సందులో గాలి అయనీకరణం చెంది, గిన్నె మీది ఆవేశం గాజు ఉపరితలానికి దూకుతుంది. తేమ పొర ఉంటే ఇంకా తేలిక. తక్కువ వోల్టేజీలో, పొడి వాతావరణంలో, తేమ పట్టని పదార్థంతో చేస్తే ఆవేశం లోహంతోనే వెళ్లిపోతుంది.

లెక్కలమాస్టారు (#19)

ఇందులోనే ఇంకో సంగతి తేల్చేయాలి. డైఎలక్ట్రిక్ మీద కనిపించే బద్ధ ఆవేశం బయటి నుంచి వచ్చింది కాదు. దిమ్మెలోని అణువుల ధన, రుణ భాగాలు కొద్దిగా పక్కకు జరిగితే లోపలంతా సరిపోయి, రెండు ముఖాల మీద మాత్రం మిగిలిపోతాయి. స్థిరాంకం 3 అయితే, పలక మీద ఉన్న ఆవేశంలో మూడింట రెండొంతులంత బద్ధ ఆవేశం వ్యతిరేక గుర్తుతో పక్కనే చేరుతుంది. మిగిలిన మూడో వంతే బయటికి "కనిపిస్తుంది". క్షేత్రం మూడో వంతైంది అందుకే. దిమ్మె బయటికి లాగేయగానే బద్ధ ఆవేశం మాయమవుతుంది, బ్యాటరీ తీసేసి ఉంటే పలక మీది ఆవేశం అక్కడే ఉంటుంది.

ప్రశ్నలబుట్ట (#20)

ఇదంతా చదివి ఆగలేక రెండు అల్యూమినియం రేకులు తీసుకుని 9 వోల్టుల బ్యాటరీతో ఛార్జ్ చేసి, బ్యాటరీ తీసి, మల్టీమీటర్ పెట్టాను. దిమ్మె పెట్టకముందే సున్నా చూపిస్తోంది. ఎన్నిసార్లు చేసినా సున్నాయే. రేకులు కారిపోతున్నాయా?

సోల్డర్‌పొగ (#21)

కారిపోతున్నది మీటర్‌లోంచి. మామూలు డిజిటల్ మీటర్ ఇన్‌పుట్ నిరోధం 10 మెగాఓమ్‌లు. నీ కెపాసిటర్ 100 పీకోఫారడ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. రెండూ గుణిస్తే 1 మిల్లీసెకను. నువ్వు ప్రోబ్ ఆనించి తలెత్తి స్క్రీన్ చూసేలోపే అంతా అయిపోయింది.

దారులు రెండు. నీ మీటర్‌లో కెపాసిటెన్స్ కొలిచే రేంజ్ ఉంటే దాంతో దిమ్మె పెట్టకముందు, పెట్టాక కొలువు. కెపాసిటెన్స్ పెరగడం కనిపిస్తుంది, అది సులువు. వోల్టేజీ తగ్గడమే చూడాలంటే ఫెట్ ఇన్‌పుట్ ఉన్న ఆప్ యాంప్ (దాదాపు కరెంటే తాగని యాంప్లిఫయర్ చిప్) తీసుకుని వోల్టేజీ ఫాలోయర్‌గా, అంటే ఇన్‌పుట్ వోల్టేజీనే అవుట్‌పుట్‌లో ఇచ్చేలా కట్టు, మీటర్‌ని దాని అవుట్‌పుట్‌కి పెట్టు. ఆ ఇన్‌పుట్ తాగేది 1 పీకోయాంపియర్ అనుకుంటే 100 పీకోఫారడ్‌ల మీద వోల్టేజీ సెకనుకు వందో వంతు వోల్టే మారుతుంది. తీరిగ్గా చూడొచ్చు. ఆప్ యాంప్ సప్లై 9 వోల్టుల కన్నా తగినంత పైన ఉండాలి, లేదా రేకుల్ని 4, 5 వోల్టులకే ఛార్జ్ చెయ్యి.

ఇంకో జాగ్రత్త. ప్లాస్టిక్ దిమ్మెను గుడ్డతో రుద్దావంటే దానికే సొంతంగా ఆవేశం వస్తుంది, ఆ ఆవేశం నీ 9 వోల్టులను మింగేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, అంచులు పట్టుకుని వాడు.

ప్రశ్నలబుట్ట (#22)

మీటర్‌లో ఆ రేంజ్ ఉంది అన్నా! పెట్టి చూశాను. పెరిగింది, కానీ పెరగాల్సినంత పెరగలేదు. యాక్రిలిక్‌కి 3 అనుకున్నాను, నాకు రెండున్నర కూడా రాలేదు.

కేబుల్‌మనిషి (#23)

దిమ్మెకూ రేకుకూ మధ్య ఎంత సందు ఉంది?

ప్రశ్నలబుట్ట (#24)

దిమ్మె 3 మిల్లీమీటర్లు. రేకుల మధ్య మూడున్నర ఉంటుందండి. సందు అర మిల్లీమీటరే కదా.

కేబుల్‌మనిషి (#25)

ఆ అర మిల్లీమీటరే దొంగ. నేను హై వోల్టేజీ కేబుళ్ల టెస్టింగ్‌లో పనిచేస్తాను, మాకు రోజూ ఇదే గొడవ.

దిమ్మె ఒక కెపాసిటర్, గాలి సందు ఇంకో కెపాసిటర్, రెండూ శ్రేణిలో ఉన్నట్టు చూడు. స్థిరాంకం 3 ఉన్న 3 మిల్లీమీటర్ల దిమ్మె 1 మిల్లీమీటర్ గాలితో సమానం. పైన చెప్పిన 3.54 తీసుకుంటే సందు 0.54. మొత్తం 1.54. అంటే 3.54ను 1.54తో భాగిస్తే దాదాపు 2.3 రెట్లు. నీకు వచ్చింది అదే అయి ఉంటుంది. దిమ్మె స్థిరాంకం ఎంత పెంచినా, చివరికి లోహపు పలకే పెట్టినా, ఆ సందు ఉన్నంతకాలం ఆరున్నర రెట్లు దాటదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బ్యాటరీ తగిలించి ఉండగా ఇలాంటి దిమ్మె దూరిస్తే ఆ సన్నటి సందులో క్షేత్రం ఏమవుతుందో ఎవరైనా చూశారా? 300 వోల్టులు అంతకుముందు 3.54 మిల్లీమీటర్ల మీద పరుచుకుని ఉన్నాయి, మిల్లీమీటరుకు దాదాపు 85 వోల్టులు. ఇప్పుడు సందులో మిల్లీమీటరుకు 195. దిమ్మె పెడితే ఇన్సులేషన్ బలపడుతుందని అనుకుంటాం, కానీ గాలి మీద ఒత్తిడి రెండింతలు దాటింది. గాలి మిల్లీమీటరుకు 3 కిలోవోల్టుల దగ్గర తెగుతుంది, కాబట్టి 300 వోల్టులకు ఏమీ కాదు. అదే కేబుల్ ఇన్సులేషన్‌లో తయారీలో ఉండిపోయిన చిన్న గాలిబుడగ అనుకో. చుట్టూ ఉన్న పాలిథీన్ స్థిరాంకం 2.3. బుడగలో క్షేత్రం చుట్టుపక్కల కన్నా ఎక్కువ, తట్టుకునే శక్తి చూస్తే తక్కువ. ప్రతి ఏసీ సైకిల్‌లోనూ ఆ బుడగలో చిన్న చిన్న మెరుపులు పుడతాయి. పార్షియల్ డిశ్చార్జ్ అంటాం. అవి ఇన్సులేషన్‌ను లోపలి నుంచి కొద్దికొద్దిగా తినేస్తాయి. పైకి కేబుల్ నవనవలాడుతూ ఉంటుంది. ఒక రోజు ఉన్నట్టుండి పేలుతుంది.

అందుకే ట్రాన్స్‌ఫార్మర్ కాగితాన్ని వాక్యూమ్‌లో ఆరబెట్టి నూనెలో నానబెడతారు. గాలితో పోలిస్తే నూనె స్థిరాంకం కాగితానికి దగ్గరగా ఉంటుంది, గాలికి చోటు ఉండదు.

సోల్డర్‌పొగ (#26)

పరీక్ష సమస్యలో "దిమ్మె ఖాళీనంతా నింపుతుంది" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. ఆ ముక్క వెనక ఇంత ఉంది.

రెండోబెంచి (#27)

స్థిరాంకం ఎక్కువ ఉంటే కెపాసిటర్ గొప్పది కదా. మరి నీటికి 80 ఉంది. ప్లాస్టిక్‌లు, మైకాలు ఎందుకు, నీళ్లే పోసెయ్యొచ్చుగా?

అంచుక్షేత్రం (#28)

నీళ్లు ఆవేశాన్ని నిలవనివ్వవు. మలినాలు పూర్తిగా తీసేసిన అతి శుద్ధమైన నీటి నిరోధకత 18 మెగాఓమ్-సెంటీమీటర్లు ఉంటుంది, అది కూడా చాలదు. ఆ నీటితో నింపిన కెపాసిటర్, పలకలు ఎంత పెద్దవైనా చిన్నవైనా, సెకనులో పదివేలో వంతు కాస్త దాటేసరికి చాలావరకు ఖాళీ అయిపోతుంది. మైక్రోసెకన్లలో పని ముగించే పల్స్ యంత్రాల్లో మాత్రం నీటి కెపాసిటర్లు నిజంగానే వాడతారు.

సోల్డర్‌పొగ (#29)

స్థిరాంకం ఎక్కువ ఉన్నవాటి ఇంకో దుర్గుణం కూడా రాసేస్తా. బేరియం టైటనేట్ లాంటి సిరామిక్‌లకు వేలల్లో ఉంటుంది. అందుకే గోరంత చిప్‌లో బోలెడు మైక్రోఫారడ్‌లు పట్టిస్తారు. కానీ ఆ స్థిరాంకం నిజానికి స్థిరం కాదు, క్షేత్రం పెరిగితే పడిపోతుంది. ఎక్స్7ఆర్ రకం సిరామిక్ కెపాసిటర్‌ని దాని రేటింగ్ వోల్టేజీ దగ్గర వాడితే, మీద రాసి ఉన్న విలువలో సగం కూడా మిగలకపోవచ్చు. బోర్డు మీద పవర్ సప్లై గిలగిలలాడుతుంటే చాలాసార్లు ఇదే కారణం. కచ్చితత్వం కావాల్సిన చోట పాలీప్రొపిలీన్ వాడతాం, స్థిరాంకం 2.2 అయినా మాట మీద నిలబడుతుంది.

ఇలాంటి పదార్థంతో పైన వేసిన "సగం సగం" లెక్కలు కూడా కుదరవు. ధ్రువణం క్షేత్రానికి అనులోమంలో ఉంటేనే అవి.

ప్రశ్నలబుట్ట (#30)

ఇంకొక్కటి అడిగి ఆపేస్తాను. బ్యాటరీ ఉంచి దిమ్మె పెట్టాను, తర్వాత బ్యాటరీ తీశాను, ఆ తర్వాత దిమ్మె బయటికి లాగాను. ఇప్పుడు 900 వోల్టులు వస్తాయా? నమ్మబుద్ధి కావడం లేదు.

లెక్కలమాస్టారు (#31)

వస్తాయి. 90 నానోకూలుంబులు ఇరుక్కుపోయాయి, కెపాసిటెన్స్ 100కి దిగింది. శక్తి 13.5 నుంచి 40.5 మైక్రోజౌళ్లకు పోతుంది. ఆ 27 నీ చెయ్యి పెట్టిన పని, లాగేటప్పుడు కెపాసిటర్ దిమ్మెను వదలనంటుంది కదా. ఇక్కడ అంకెలు చిన్నవి కాబట్టి సరదాగా ఉంది. పెద్ద కెపాసిటర్‌తో చేస్తే షాక్ ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు నా వంతు ఒక ప్రశ్న. ఇద్దరూ, నువ్వూ రెండోబెంచీ, చేయండి. 100 పీకోఫారడ్‌ల కెపాసిటర్లు రెండు, శ్రేణిలో, 300 వోల్టుల బ్యాటరీకి తగిలించి ఉన్నాయి. బ్యాటరీ తీయలేదు. మొదటిదాంట్లో స్థిరాంకం 3 ఉన్న దిమ్మె నెమ్మదిగా పెట్టాం. ఆ మొదటిదాంట్లో శక్తి పెరిగిందా, తగ్గిందా?

రెండోబెంచి (#32)

బ్యాటరీ ఉంది కాబట్టి పెరుగుతుంది. మూడింతలు.

ప్రశ్నలబుట్ట (#33)

నాకు తగ్గిందని వస్తోంది మాస్టారూ. మొదట చెరో 150 వోల్టులు, చెరో 15 నానోకూలుంబులు. దిమ్మె పెట్టాక మొత్తం కెపాసిటెన్స్ 75 పీకోఫారడ్‌లు, ఆవేశం 22.5. మొదటిదాని మీద వోల్టేజీ 75, రెండోదాని మీద 225. మొదటిదాంట్లో శక్తి 1.125 నుంచి 0.84కి తగ్గింది. రెండోదాంట్లో 2.53కి పెరిగింది. బ్యాటరీ ఉన్నా సరే, దిమ్మె ఉన్న కెపాసిటర్‌కి ఆవేశమూ స్థిరం కాదు, వోల్టేజీ కూడా స్థిరం కాదు!

లెక్కలమాస్టారు (#34)

అంతే. మొత్తం కూడి చూడు: 2.25 నుంచి 3.375కి, అంటే 1.125 పెరిగింది. బ్యాటరీ 7.5 నానోకూలుంబులు పంపి 2.25 ఇచ్చింది. సగం మళ్లీ దిమ్మెకే.

రెండోబెంచి (#35)

దిమ్మె ఒకదాంట్లో, శక్తి పెరిగింది పక్కదాంట్లో. ఇది అన్యాయం. స్థిరాంకం ఇంకా పెంచితే?

ప్రశ్నలబుట్ట (#36)

ఇంకా తగ్గుతుంది. 80 పెట్టి చూశాను, మొదటిదాని మీద 4 వోల్టులు కూడా మిగల్లేదు. మొత్తం 300 దాదాపుగా పక్కదాని మీదే పడింది. దాని రేటింగ్ 200 అయితే ఈపాటికి పోయుండేది.

కేబుల్‌మనిషి (#37)

ఇప్పుడు ఆ పక్కదాని బదులు నేను చెప్పిన గాలిబుడగను పెట్టి మళ్లీ చదువు.